ముడియు బెండును

చెన్నపట్టణమునకు హార్బరు లేని రోజులలో, ఓడ దిగి ఒడ్డు చేరుట ఓడ ప్రయాణమంతటికంటె ప్రమాదకరమైన పని. నెలల తరబడి సముద్రముపై గడిపి క్షేమముగా వచ్చిన ఓడ తీరమునకు దూరముననే లంగరు వేసి నిలిచిపోయెడిది. అక్కడినుండి ప్రయాణికులును, సరకులును వరుసగా విరుగుచున్న కెరటములమీదుగా ఇసుక ఒడ్డునకు రావలెను. ఇంగ్లీషు ఓడలవెంట వచ్చిన చిన్న పడవలు గట్టి చెక్కతో, ఇనుప మేకులతో చేసినవే. కాని కెరటము వాటిని ఎత్తి నేలకు కొట్టినపుడు మేకులు చెక్కను చీల్చెడివి. ఆ పని చేయగలిగినవి మన తూర్పుతీరపు జాలరులవి రెండే: మసూలా పడవ, తెప్ప. రెంటిలోను పలకలను గాని, దుంగలను గాని కలుపుటకు మేకు అనునది లేదు. రెండును త్రాటికట్లతో నిలిచినవే.

1834లో ఒక ఆంగ్ల నౌకానిర్మాణాధికారి ప్రకటించిన వ్యాసములో మసూలా పడవ కొలతలు కలవు. పొడవు 30 నుండి 35 అడుగులు, వెడల్పు 10, 11 అడుగులు, లోతు 7, 8 అడుగులు. పలకల అంచులకు రంధ్రములు చేసి, అతుకుమీద కొబ్బరిపీచు పరచి, దానిపైనుండి పీచు త్రాటితో బట్ట కుట్టినట్లు కుట్టెడివారు. తడిసిన పీచు ఉబ్బి సందులను మూసివేయును. లోపల గట్టి చట్రమేదియు లేదు. కావున పడవ నేలకు తగిలినపుడు పగులక, బుట్టవలె వంగి దెబ్బను మ్రింగును. ఎక్కినవారికి ఈ వంగుట చూచి గుండె జారెడిది; వారి ప్రాణములు నిలిచినది మాత్రము ఆ వంగుటవలననే.

తెప్ప సంగతి మరింత సూటిగా ఉండును. తేలిక కొయ్య దుంగలను కొన్నిటిని ప్రక్కప్రక్కన చేర్చి త్రాళ్ళతో బిగించిన అది తెప్ప. తమిళమున ‘కట్టు’, ‘మరం’ అను రెండు మాటలు కలిసి ‘కట్టుమరం’ అయినది. ఆ మాటయే ఇంగ్లీషులో కాటమరాన్ అయి ప్రపంచమంతట తిరుగుచున్నది. సముద్రము పోటుమీదనున్న దినములలో మసూలా పడవవెంట ఒకటి రెండు తెప్పలు వెళ్ళుట చెన్నపట్టణములో ఆచారము. పడవ బోల్తాపడినచో నీటిలో పడినవారిని తెప్పవారు పట్టి లాగవలెను. ఆ విధముగ ప్రాణములు కాపాడిన తెప్పవారికి పతకములు ఇచ్చుచుండిరి. ప్రాణరక్షక నావలను గూర్చి ఐరోపా చరిత్రలే చదువు మన విద్యార్థులు ఈ తెప్పవారినిగూడ తలచుకొనుట న్యాయము. కుట్టు పడవలు ఆంధ్ర, ఒడిషా తీరములలో 1980లలోగూడ వాడుకలో ఉండగా పరిశోధకులు చూచి వర్ణించిరి.

త్రాటికట్టునకు ఇంత బలము ఎక్కడిది? రాపిడిలోనిది. రేవులో పెద్ద పడవను ఆపు సరంగు మోకును గుంజకు రెండు మూడు చుట్లు చుట్టి, కొనను ఒంటిచేత పట్టుకొని నిలబడును. ప్రవాహము పడవను లాగుచున్నను అతనికి శ్రమ కనిపింపదు. ఈ వింతకు లెక్క చెప్పినవాడు 18వ శతాబ్దపు గణితజ్ఞుడు ఆయ్‌లర్. త్రాటికిని గుంజకును ఘర్షణ గుణకము 0.3 అనుకొందము. ఒక చుట్టునకు మన చేతి బలము సుమారు ఆరున్నర రెట్లగును. రెండు చుట్లకు పదమూడు రెట్లు కాదు, 43 రెట్లు. మూడు చుట్లకు 285 రెట్లు! ప్రతి చుట్టు అంతకుముందున్న బలమును హెచ్చించును గాని దానికి కలుపదు. ఇది నమ్మలేనివారు బల్ల కాలికి ఒక త్రాడు చుట్టి, ఒక కొనకు స్ప్రింగు త్రాసును, రెండవ కొనకు తూనికరాళ్ళను కట్టి తరగతిలోనే చూడవచ్చును.

ముడి అనగా త్రాడు తన్ను తానే గుంజగా చేసికొనుట. ఒక భాగము రెండవ భాగమును చుట్టి నొక్కును. బరువు పెరిగిన కొలది నొక్కుడును పెరుగును. మంచి ముడికి రెండు గుణములు కావలెను. బరువున్నంతసేపు జారరాదు, బరువు తీసిన పిమ్మట సులభముగా ఊడవలెను. రెండవ గుణమును చాలమంది మరతురు. నీటిలో తడిసి బిగుసుకొని ఊడని ముడి, జారిపోవు ముడి అంత అపాయకరమే. మునుగుచున్న పడవను గుంజనుండి విడిపింపలేక అవస్థపడుట కత్తితోగాని తీరని చిక్కు.

మానవుడు ముడి వేయ నేర్చినది ఎప్పుడో! 1913లో, నాటి ఫిన్లండులోని ఆంట్రియా అను ఊరిదగ్గర, తడినేలలో ఒక చేపలవల బయటపడినది. నారతో అల్లిన ఆ వల వయస్సు పదివేల ఏండ్లకు పైమాటే. వలతోబాటు బరువునకు కట్టిన రాళ్ళును, తేలుటకు కట్టిన దేవదారుజాతి చెట్టు బెరడు ముక్కలును దొరికినవి. ముడియు, బెండును అంత ప్రాచీన కాలముననే జతగూడినవన్నమాట. కాని ముడిని చేపకొరకు వాడుట ఒకటి, మునుగువానికొరకు వాడుట ఒకటి. ఈ రెండవదానికి మనుష్యుడు చాల ఆలస్యముగా వచ్చెను.

ముడులను వ్రాతలో వర్ణించిన తొలివారిలో నావికులుగాక ఒక వైద్యుడుండుట విశేషము. క్రీస్తుశకము ఒకటవ శతాబ్దపు గ్రీకు వైద్యుడు హెరాక్లాస్ విరిగిన ఎముకలను కట్టుటకు పనికివచ్చు ముడులను, ఉచ్చులను వివరించెను. ఆ గ్రంథము నశించినను, నాల్గవ శతాబ్దమున ఒరిబాసియస్ అను వైద్యుడు తన సంకలనములో దానిని చేర్చుటచే మనకు దక్కినది. అందులో హెర్క్యులీసు ముడి యొకటి. ఆ ముడితో కట్టిన గాయము త్వరగా మానునని రోమను పండితుడు ప్లినీ వ్రాసెను. గాయము మానుట ముడి మహిమ కాదు గాని, అది చదునుగా నుండి శరీరమునకు ఒత్తుకొనదు. అందుచే నేటికిని ప్రథమచికిత్సలో కట్టు కట్టుటకు దానినే నేర్పుదురు.

ఇదే ముడి నావికులకు రీఫ్ ముడి అయినది. గాలి ఎక్కువైనపుడు తెరచాపను కొంత మడిచి కట్టుటకు వారు దీనిని వాడిరి. కుడికొనను ఎడమకొనపై వేసి ముడిచి, పిదప ఎడమకొనను కుడికొనపై వేసి ముడిచిన రీఫ్ ముడి వచ్చును. రెండుసార్లును కుడినే పైన వేసినచో దానిని పోలిన మరొక ముడి వచ్చును. దీనిని ఆంగ్ల నావికులు ‘అమ్మమ్మ ముడి’ అని వెక్కిరింతురు. చూపునకు కవలలు, కాని రెండవది జారును. బూట్ల నాడాలు దినమంతయు ఊడుచున్న విద్యార్థి తాను వేయుచున్నది ఏదో చూచుకొనవలెను. విల్లుముడి బూటునకు అడ్డముగ నిలిచినచో మంచిది; పొడవునా తిరిగినచో అది అమ్మమ్మ ముడియే.

ఇంత చిన్న తేడాకు కారణమేమో చాలకాలము స్పష్టముగా తెలియలేదు. 2020లో అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక విద్యాసంస్థ శాస్త్రజ్ఞులు, లాగినచోట రంగు మారు దారములతో ముడులు వేసి, ఒత్తిడి ఎక్కడెక్కడ పడుచున్నదో చూచి ఒక పత్రము ప్రకటించిరి. రీఫ్ ముడిలో ప్రక్కప్రక్కనున్న భాగములు ఎదురెదురు దిశలలో మెలితిరుగ జూచి ఒకదానినొకటి బంధించును. అమ్మమ్మ ముడిలో అవి ఒకే వైపు దొర్లి జారుటకు వీలిచ్చును.

అట్లని రీఫ్ ముడి అన్నిటికిని పనికిరాదు. రెండు త్రాళ్ళను కలిపి దానిపై మనిషి ప్రాణము నిలుపుట మహాప్రమాదము. ఒక కొనను ప్రక్కకు లాగిన చాలు, ముడి తిరగబడి విడిపోవును. ముడులపై పెద్ద గ్రంథము వ్రాసి 1944లో ప్రకటించిన అమెరికను నావికుడు, చిత్రకారుడు క్లిఫర్డ్ ఆష్లీ ఈ దురుపయోగమువలన పోయిన ప్రాణములు చాలయని గట్టిగా హెచ్చరించెను. త్రాళ్ళను కలుపుటకు వేరొక ముడి కలదు. దానిని మన జాలరులు రోజుకు వందలసార్లు వేయుదురు. వలకన్నునకు వేయు ముడియు, నేతగాడు తెగిన పోగునకు వేయు ముడియు, నావికుల షీట్‌బెండు ముడియు రూపములో ఒక్కటే. లావుపాటి త్రాటికొనను మడిచి, ఆ మడతలోనుండి సన్నత్రాటికొనను పైకి తెచ్చి, మడత కాళ్ళు రెంటిని వెనుకనుండి చుట్టి, తన క్రిందనే దూర్చవలెను. రెండు త్రాళ్ళ లావు వేరైనను ఇది పట్టును.

పడవను గుంజకు కట్టుటకు ఒకటిన్నర చుట్టు చుట్టి, ఆపైన పొడవు త్రాటిమీద రెండు అరముడులు వేయుదురు. చుట్టు బరువును భరించును, అరముడులు చుట్టును కాచును. ప్రవాహము లాగుచున్నను దీనిని ఊడదీయవచ్చుననునదే దీని గొప్ప.

ఒకే ముడి నేర్వ వీలున్నవాడు నేర్వవలసినది మాత్రము బౌలైన్ ముడి. 1627లో కాప్టెన్ జాన్ స్మిత్ ప్రకటించిన నావికుల వ్యాకరణములో దీని పేరు కలదు. తెరచాప చినుగును గాని ఈ ముడి జారదను భావమును అందు చెప్పెను. త్రాటి పొడవు భాగముపై కొన వచ్చునట్లు చిన్న చుట్టు చేయుము. కొనను ఆ చుట్టులోనికి క్రిందినుండి పైకి తెమ్ము, పొడవు త్రాటి వెనుకగా త్రిప్పి మరల అదే చుట్టులో క్రిందికి దింపుము, బిగింపుము. కుందేలు బొరియలోనుండి వచ్చి, చెట్టు చుట్టి, బొరియలో దూరినదని స్కౌటు బాలురకు చెప్పుదురు. ఏర్పడిన ఉంగరము ఎంత లాగినను చిన్నది కాదు. మునుగువానిని చంకల క్రిందుగా చుట్టి లాగినను ఊపిరి బిగియదు. ఇదే స్థానమున జారుముడి వేసినచో మనము కాపాడబోయినవానికే అది ఉరి యగును. ఈ ఒక్క భేదము తెలియుటకైనను ముడుల పాఠము పాఠశాలలో ఉండదగినది.

ఒక హెచ్చరిక. పాత ముడులన్నియు పీచు, జనుము వంటి గరుకు త్రాళ్ళకు పుట్టినవి. నైలాను, ప్లాస్టిక్ త్రాళ్ళు నున్నన, రాపిడి తక్కువ. వాటిలో బౌలైన్ కూడ బరువు లేనపుడు వదులగును. కొనను త్రాటి మందమునకు పది, పన్నెండు రెట్లు పొడవుగా విడువవలెను. మరియు, ఏ ముడియైనను త్రాటి బలమును తగ్గించును. బౌలైన్ వేసిన త్రాటికి మిగులు బలము సుమారు మూడింట రెండు వంతులు మాత్రమే.

ఇక బెండు కథ. 1789లో ఇంగ్లండున టైన్ నది ముఖద్వారమున ‘అడ్వెంచర్’ అను ఓడ తుపానులో నేలతట్టెను. ఒడ్డున వేలమంది నిలబడి చూచుచుండగనే నావికులు ఒక్కరొక్కరే నీటిపాలైరి. పడవ వేయుటకు ఎవరికిని ధైర్యము చాలలేదు. ఆ సిగ్గునుండి పుట్టిన చందాలతో హెన్రీ గ్రేట్‌హెడ్ అను పడవల శిల్పి వెలుపలి అంచులకు బెండు బిగించిన ప్రాణరక్షక నావ నిర్మింపగా, 1790లో అది నీట దిగినది. ఆ పడవకు బెండు ఆ విధముగ కట్టిరి. పడవలోని మనిషికి బెండు కట్టుటకు మరి అరువది ఏండ్లు పట్టినది! 1854లో బ్రిటిషు ప్రాణరక్షక నావల సంస్థలో తనిఖీ అధికారిగానున్న కాప్టెన్ వార్డు, సన్నని బెండు పలకలను బట్టపై కుట్టి చొక్కావలె తొడుగుకొను కవచమును తయారుచేసెను. నావికులకు అది మోటుగా కనిపించినది; తెడ్డు వేయ నడ్డమని సణిగినవారును కలరు.

1861 ఫిబ్రవరి 9. విట్‌బీ రేవు వద్ద పెద్ద తుపాను. ఊరి ప్రాణరక్షక నావ ఆ ఒక్క దినమున మరల మరల సముద్రములోనికి పోయి ఓడల నావికులను ఒడ్డునకు చేర్చెను. చేతులు సొమ్మసిల్లినను, ఇంకొక ఓడ కనబడగనే ఆరవసారి బయలుదేరిరి. రెండు కెరటములు కలిసిన చోట నావ తలక్రిందైనది. అందులోని 13 మందిలో 12 మంది ఒడ్డువారి కన్నులయెదుట మునిగిపోయిరి. మిగిలిన ఒక్కడు హెన్రీ ఫ్రీమన్. అతడొక్కడే క్రొత్త బెండు కవచము తొడిగియుండెను. ఇట్టి ప్రయోగమును ఏ శాస్త్రజ్ఞుడును తలపెట్టడు. సముద్రమే చేసి చూపినది. ఫ్రీమన్ పిదప ఇరువది ఏండ్లకు పైగా విట్‌బీ నావలకు సారథిగా పనిచేసెను.

కవచము ఉన్నంత మాత్రమున చాలదని న్యూయార్కు నగరము నేర్చుకొన్నది. 1904 జూన్ 15న ‘జనరల్ స్లోకమ్’ అను స్టీమరు, విహారమునకు పోవు స్త్రీలతోను, పిల్లలతోను నిండి, ఈస్టు నదిలో నిప్పంటుకొన్నది. వ్రేలాడదీసిన బెండు కవచములు ఏండ్ల తరబడి ఎండకు వానకు ఉండుటచే బట్ట చివికి, బెండు పొడియై, చేయి తగిలినంతనే రాలినవి. తొడిగిన పిల్లలు వాటితోనే మునిగిరి. వేయిమందికి పైగా చనిపోయిరి. 1912లో టైటానిక్ ఓడపై కవచములకు లోపము లేదు. లోపము పడవలకు: 2,200 మందికి పడవలలో చోటు 1,178 మందికే. నీటిలో తేలిన వందలమంది మునుగక, చలికి మరణించిరి.

క్రమముగా ఓకు బెరడు బెండునకు బదులు కాపోకు దూది వచ్చినది. ఇది మన తెల్లబూరుగు కాయలోని దూదియే. ఆ పోగు లోపల డొల్ల, పైన మైనపు పూత. కావున నీరు చొరదు. కవచము తేలుచున్నది, బాగున్నది. కాని తేలుటయే చాలునా? స్పృహతప్పినవాడు బోర్లపడి తేలినచో ముక్కు నీటిలోనే గదా!

ఈ ప్రశ్నకు జవాబు వెదకినవాడు ఎడ్గర్ పాస్క్ అను ఆంగ్ల వైద్యుడు. రెండవ ప్రపంచయుద్ధములో సముద్రమున కూలిన వైమానికులు కవచము తొడిగియుండియు మరణించుట చూచి, కవచములను పరీక్షింపవలెనని అధికారులు తలచిరి. ఈత వచ్చి మెలకువగానున్న మనిషి తెలియకుండగనే తల ఎత్తుకొనును. అతనితో పరీక్ష నిజము చెప్పదు. అందుచే పాస్క్ తనకు మత్తు ఇప్పించుకొని, శ్వాసకు గొట్టము అమర్పించుకొని, ఒడలు వ్రాలిన స్థితిలో కొలనులో పడవేయించుకొనెను. తన శరీరము ఎట్లు తేలినదో మేలుకొన్న పిమ్మట చలనచిత్రములో చూచెను. ఒకటి కాదు, అనేక పర్యాయములు. కొన్ని కవచములు మనిషిని ముఖము నీటిలోనుంచియే తేల్చుచున్నవని తేలినది. బెండంతయు ఛాతీపైనను మెడ వెనుకను ఉన్నచో శరీరము తనంతట వెల్లకిల తిరుగును. నేటి అంతర్జాతీయ ప్రమాణములలో, సముద్రమునకు తగిన కవచము స్పృహలేనివానిని 5 సెకండ్లలో వెల్లకిల త్రిప్పవలెనను నియమము ఈ బాట వెంబడి వచ్చినదే. 50 న్యూటన్ల తేలుబలముగలది ఈత వచ్చినవానికి ఊతము మాత్రమే. 100, 150 న్యూటన్లవి కవచములు. కొనునపుడు దానిపై ముద్రించిన అంకెను చదువవలెను.

మన గోదావరికి వత్తము. 2019 సెప్టెంబరు 15న పాపికొండలు చూడబోవు బోటు, నది వరదతో ఉరుకుచుండగా, కచ్చులూరు వద్ద మునిగినది. అందున్న 77 మందిలో ప్రాణములతో బయటపడినవారు 26 మంది. వారిలో పలువురు జాకెట్టు తొడిగినవారేయని ఆనాటి పత్రికలు వ్రాసినవి. ఆదుకొన్నవారు సమీప గ్రామస్థులు, నాటుపడవలపై వచ్చినవారు. లోతున పడిన బోటును లంగరులతో, త్రాళ్ళతో కాకినాడ బృందము అక్టోబరు 22న పైకి తీసినది. 2021లో 1917 నాటి చట్టమునకు బదులు దేశాంతర్గత నౌకల చట్టము క్రొత్తగా వచ్చినది. చట్టము రేవువరకు రాగలదు. జాకెట్టు ముడి వేసికొనవలసినది ప్రయాణికుడే. ఉక్కగానున్నదని విప్పి ప్రక్కన పెట్టిన జాకెట్టు, బోటు ఒరిగిన తరువాత తొడుగుటకు వీలుకాదు. నీటిలో దానిని తొడుగుట మంచి ఈతగానికే కష్టము.

పడవ ఎందుకు ఒరుగును? అందరు ఒక్కసారి లేచినచో గురుత్వకేంద్రము పైకి పోవును. వింత చూచుటకు అందరు ఒకవైపు చేరినచో అది ప్రక్కకు జరుగును. రెండును కలిసిన పడవ తిరిగి నిలువదు. కూర్చున్నవారు కూర్చుండుటయే మొదటి రక్షణ. చెక్క నాటుపడవ బోల్తాపడినను తరచు తేలుచునే యుండును. ఒడ్డు దగ్గరగా కనబడినదని దానిని విడిచి ఈదబోవుట తప్పు; నీటిమీద దూరము కంటిని మోసగించును. పడవను పట్టుకొని యున్నవానిని వెదకుటయు తేలిక.

మునుగువానిని చూచి వెంటనే దూకుట సాహసమే కాని ఉపాయము కాదు. భయముతోనున్నవాడు చేతికందినదానిని క్రిందికి త్రొక్కి తాను పైకి రాజూచును. ఒకరికి ఇద్దరు పోవుట అందుచేతనే. మొదట గెడ గాని, ధోవతి గాని అందింపవలెను. అందనిచో త్రాడు విసరవలెను. త్రాటికొనకు మూతబిగించిన ఖాళీ ప్లాస్టిక్ డబ్బా కట్టినచో అదే బెండు. విసరువాడు పండుకొని గాని, మోకాళ్ళపై గాని ఉండి, రెండవ కొనను గుంజకు చుట్టి విసరవలెను; లేనిచో తానును నీట పడును. ప్రవాహములో త్రాటిని మనిషిపైకి గాక, అతనిని దాటించి ఎగువ వైపునకు వేసినచో నీరే దానిని అతని చేతికి తెచ్చును. డబ్బాలో చారెడు నీరు పోసిన అది గాలికి ప్రక్కకు పోక సూటిగా పోవును. పాఠశాల ఆటస్థలములో సుద్దముక్కతో ఒక వృత్తము గీచి, పదునైదు అడుగుల దూరమునుండి మొదలిడి, క్రమముగా ముప్పది నలుబది అడుగులకు పెంచుచు దీనిని అభ్యసింపవచ్చును. మొదటి విసరు తప్పినపుడు త్రాటిని మరల చుట్టచుట్టుచు కూర్చుండక, చేతికి వచ్చినంతమట్టుకు గబగబ లాగి రెండవ విసరు వేయుట గూడ అభ్యాసములో భాగమే.